పందులు మేసిన చోటి పేరు

ఇంగ్లండ్‌లోని కంబర్లాండ్ కొండల్లో గ్రైస్‌థ్వైట్ అనే గొర్రెల పొలం. వంటింట్లో పెళ్ళి చేసుకోని అక్క థామసిన్ రొట్టె కోస్తోంది. పట్నం నుంచి కారులో దిగబడ్డ తమ్ముడు లాన్స్ అప్పటికే గొంతు పెంచాడు.

"నాన్న పొలం నీకు రాశాడు, సరే. కానీ నీ తర్వాత అక్కా, గ్రైస్‌థ్వైట్ల నేల గ్రైస్‌థ్వైట్‌కే దక్కాలి. దేశం మొత్తం మీద ఆ పేరున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను."

"మిగిలితే? గాజు పెట్టెలో పెట్టి చూపించాలా నిన్ను?"

"నవ్వకు. వైకింగ్ దొర పేరది! పడవల మీద వచ్చి ఈ లోయని గెలిచినవాడు."

"దొరా! పందుల్రా, పందులు. గ్రైస్ అంటే ఆ పాతవాళ్ళ మాటలో పంది. థ్వైట్ అంటే చెట్లు కొట్టి చదును చేసిన చోటు. పందులు మేసిన చోటి పేరు తగిలించుకుని, పైగా టై మీద గద్ద బొమ్మ!"

"అది మన వంశ చిహ్నం!"

"లండన్‌లో కొన్నావుగా. గద్దా అది? తడిసిన కోడిలా ఉంది. టీ తాగు."

"మాట మార్చకు. వెయ్యేళ్ళ రక్తం మనది. రేపు ఈ పొలం ఆ జాస్‌గాడి పాలైతే? అనాథాశ్రమంలో పెరిగినవాడు. పాలేరు."

"మొన్న మంచులో కూరుకుపోయిన గొర్రెల్ని చేతుల్తో తవ్వి తీసింది ఆ పాలేరే. నువ్వప్పుడు టైకి ఇస్త్రీ చేయించుకుంటున్నావు."

"పాలేరు పాలేరే."

"మరి నాన్నో?"

"నాన్న సంగతెందుకిప్పుడు?"

"ఎందుకా? కూలీల సంతలో నోట్లో గడ్డిపరక పెట్టుకుని, నన్నెవరైనా పనికి పెట్టుకోండి బాబూ అని నిలబడ్డవాడు. పుట్టుపేరు స్టబ్స్. పిల్లల్లేని ముసలి గ్రైస్‌థ్వైట్ ఈ పొలం రాసిస్తూ ఏమన్నాడు?"

"నాకు గుర్తులేదు."

"గుర్తులేదట! నాన్న పోయే ముందు మనిద్దరికీ చెప్పాడు. నువ్వు విననట్టు కిటికీలోంచి చూస్తూ కూచున్నావు."

"సరే! పేరు మార్చుకుంటేనే పొలం అన్నాడు. చాలా? ఊరంతా వినేలా అరవకు."

"అరుస్తా. ఆ ముసలాయన తాత కూడా అలా వచ్చినవాడేనట. మనుషులు పోతుంటారు, పొలం చేసేవాడు ఆ పేరు పెట్టుకుంటాడు. ఇక్కడ ఎప్పుడూ అంతే. రక్తంట, రక్తం!"

"ఏదైతేనేం, ఇప్పుడు పేరు నాది. పొలమూ నాకే రావాలి."

"వచ్చాక?"

"అదీ... హోటల్ వాళ్ళు అడుగుతున్నారు. మంచి బేరం."

"అదీ సంగతి! వైకింగ్ దొర హోటల్ వాళ్ళ కోసం దిగాడని ఇందాకే అనొచ్చుగా."

"నీకెప్పుడూ వెటకారమే. ఒక్కమాట చెప్పు. ఆ పేరున్నవాడికే రాస్తావా, లేదా?"

"రాసేశానురా. పోయిన వారమే. పేరున్నవాడికే."

"అక్కా! నా బంగారం! నాకు తెలుసు, నువ్వు ఎంత తిట్టినా..."

"ఆగు, టీ చల్లారిపోతోంది. మిస్టర్ గ్రైస్‌థ్వైట్! లోపలికి రా నాయనా!"

"ఇక్కడే ఉన్నాగా, ఎందుకా కేక?"

"నిన్ను కాదురా. నాన్న మార్చుకున్నట్టే జాస్ కూడా పేరు మార్చుకున్నాడు. లే, ఇంటాయన కుర్చీ అది."