మునసబు గారి పంచె, అడవిపంది

"మామ్మా, ఆ దూలానికి వేలాడే తుపాకిలో గుడ్డ పెట్టేవారటగా, ఎందుకు?"

తుపాకికి సిగ్గేస్తుందని.

కాదులే, కూర్చో. ఆ తుపాకి, ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఉన్న దొర ఒకడు వెళ్ళిపోతూ మా మావగారికి ఇచ్చిపోయాడట. మందూ గుండూ రెండూ మూతి వైపు నుంచే దట్టించాలి. గొట్టం లోపల నాగటి చాళ్ళలాంటివి ఉంటాయి, కాకపోతే మెలి తిరిగి ఉంటాయి. గుండేమో గొట్టం కంటే కాస్త సన్నం. అందుకని దాన్ని గుడ్డముక్కలో చుట్టి కడ్డీతో తోస్తే, గుడ్డ ఆ చాళ్ళని పట్టుకుంటుంది, గుండు తిన్నగా పోతుంది. గుడ్డ పలచనైతే చిరిగి కాలిపోతుంది, మందమైతే దిగదు.

గుడ్డ ఎంచడం నా పని. మీ తాతగారికి ఏటి అవతల కొంగ కనబడేది, చేతిలో గుడ్డ కనబడేది కాదు. నేను ఎండకెత్తి చూసేదాన్ని, మూలగా లాగి చూసేదాన్ని. కొత్త గుడ్డకి నేతగాళ్ళు పెట్టిన గంజి ఉంటుంది కదా, అది పోయేదాకా బూడిద నీళ్ళలో ఉడకబెట్టి, ఉతికి మెత్తన చెయ్యాలి. ఆ తర్వాత మైనమూ ఆముదమూ కలిపి రాయాలి. పేల్చాక ఎగిరిపడ్డ ముక్కని వెతికి తెచ్చి చూసేదాన్ని. గుండ్రంగా నిలిచి ఉంటే మంచి గుడ్డ. పీలికలైతే అది ఎవరింటి గుడ్డో ఊరికి చెప్పేదాన్ని.

ఆ అలవాటుతో మనుషుల్ని వదిలేసి బట్టల్నే చూసేదాన్ని. కరణం గారి ఉత్తరీయం జల్లెడ. మా తోడికోడలి పట్టుచీర పట్టేనని ఆవిడే చెప్పాలి. మునసబు గారి పంచె మాత్రం చిక్కటి నేత, ఏళ్ళ తరబడి ఉతికి వెన్నలా అయింది. పిసినారితనం వల్ల వచ్చిన మెత్తదనం అది, మనకి రాదు.

ఏం చెబుతున్నాను... ఆ, పంది. అప్పట్లో మేం పోలవరం ఎగువన, కొండల కింద ఉండేవాళ్ళం. మా ఆడపడుచు నర్సమ్మ ఊరి చివర వేరే ఉండేది. మొగుడు పోయాడు, కంద చేనొక్కటే ఆధారం. అడవిపంది దిగి దాన్ని తవ్వేస్తోంది. కంద పోతే మా ఇంటికి వచ్చేస్తానంది నర్సమ్మ. ఇంట్లో అప్పటికే అత్తగారున్నారు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే పొయ్యి దగ్గర, మధ్యలో నేను. మీ తాతగారు పందిని కొడదామనుకున్నారు. నేను కొట్టించి తీరాలనుకున్నాను.

వేటకి ముందురోజే గుడ్డ ఉతికి దండెం మీద ఆరేశాను. చేనుకి మునసబు గారు కూడా వస్తున్నారని అత్తగారు విన్నారు. మా ఇంటి గుడ్డ ఆయన ముందు పీనుగులా వేలాడుతుందా అని, నేను చూడకుండా గంజిలో ముంచి, ఆరబెట్టి, చక్కగా మడత పెట్టారు.

మర్నాడు పొద్దుగూకే వేళకి నర్సమ్మతో సహా అందరం మంచె ఎక్కాం. మునసబు గారు కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు, ఊళ్ళో ఏం చచ్చినా ఆయన చూడాలి కదా. మీ తాతగారు మందు పోశారు. నేను గుడ్డ విప్పితే అప్పడంలా పెళపెళలాడింది. అది చుడితే గుండు సగంలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నది పేలిస్తే గొట్టం పగిలి మీ తాతగారి మొహం మీదకి వస్తుంది. ఆ మొహం ఏమంత అందమని కాదు, అలవాటైపోయింది.

అటు చూస్తే పంది దిగింది. మీ తాతగారి పంచె, అదీ అత్తగారి గంజే. నా చీర, నర్సమ్మ చీర దుప్పట్లంత మందం.

"బాబుగారూ, మీ పంచె కాస్త కావాలండి," అన్నాను మునసబు గారితో.

"ఏంటమ్మా, మతి ఉండే అడుగుతున్నావా?"

"అరచెయ్యంత చాలండి. ఇంత మంచి గుడ్డ ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదండి."

"మరి నేను ఇంటికెలా వెళ్ళాలి?"

"చీకటి పడుతోంది కదండి," అంది నర్సమ్మ.

ఆయన ఆలోచిస్తున్నారు. ఈలోగా పంది వచ్చి మంచె గుంజకి వీపు రుద్దుకోవడం మొదలుపెట్టింది. మంచె ఊగింది. పర్రుమని చప్పుడు. ముక్క నా ఒళ్ళో పడింది. అడిగినదానికంటే పెద్దదే ఇచ్చారు, ఊగే మంచె మీద ఆయన మహాదాత.

మైనం రాసి గుండు చుట్టిచ్చాను. కడ్డీతో తోస్తే హాయిగా దిగింది. పంది మళ్ళీ కంద దగ్గరికి పోయింది. ఒక్కటే దెబ్బ. పంది అక్కడే పడింది. నేను దిగి ముక్క వెతికాను, చుట్టూ మసే తప్ప ఒక్క పోగు తెగలేదు. మునసబు గారికి చూపిస్తే మడిచి రొండిన దోపుకున్నారు.

కంద దక్కింది. నర్సమ్మ మా ఇంటికి రాలేదు. పైగా ఆ ఏడు దుంపలు బాగా ఊరాయి. తవ్వడానికి ఒక్కదానివల్లా కాదని తల్లికి కబురు పంపింది. అత్తగారు నాలుగు రోజులుండి వస్తానని వెళ్ళారు. నేను తొందరపెట్టలేదు. మళ్ళీ కంద నాటే రోజులొచ్చినా అక్కడే ఉన్నారు. మీ తాతగారు వెళ్ళి తీసుకొస్తానంటే, "తల్లీ కూతుళ్ళ మధ్య మనమెందుకండీ" అన్నాను.

సరే, లే. ఆకలవుతోంది నీకు. చల్లగా ఉండు నాయనా. నీకు రాబోయే పిల్లకి తన పొయ్యి తనకుండాలి.