కోటలో బ్రహ్మచారి, పేటలో మొగుడు

సెకుందుడని ఒక సిపాయి ఉండేవోడంట. ఎక్కడా? ఇంగ్లీషోళ్ల దేశంలో. వాళ్లనీ రోమోళ్లు ఏలారర్రా ఒకప్పుడు, మనమొక్కళ్లమేనా ఏంటి ఏలించుకుంది! ఆ రోమోళ్లదొక కోట, కోటగోడ కానుకుని ఒక పేట. వాళ్ల రూలేంటంటే, సిపాయికి పెళ్లాం ఉండకూడదు. ఉండకూడదంటే ఆగుద్దా? కోటలో అందరూ బ్రహ్మచారులే, పేటలో అందరికీ సంసారాలే. మన సెకుందుడికీ కాటియా అని పెళ్లాం, విబియా అని చిన్నపిల్ల. ఇట్టా ఉండగా ఏమైందంటే, కొత్త దొర దిగాడు, దొరసానిని ఎంటేసుకుని. దొరలకి రూల్లేదులే, ఎక్కడైనా అంతేగా. పేట చూసి, ఎవరీ ఆడోళ్లు, మొగుడో తోడబుట్టినోడో లేనిదాని కొంప ఇక్కడుండటానికి లేదు, పీకించేస్తా అన్నాడు. పెళ్లామని ఒప్పుకుంటే సిపాయికి కొరడా దెబ్బలు, ఒప్పుకోకపోతే కొంప పాయె. అంత మొనగాడూ ఏడిచాడంట పాపం. ఏడిచి ఏడిచి దొర దగ్గిరికెళ్లి, అయ్యా, ఆవిడ నా చెల్లెలండి, ఆ పిల్ల నా మేనకోడలండి అనేశాడు. సరే, రేపు తీసుకురా అన్నాడు దొర. ఇంటికొచ్చి చెబితే కాటియా, "చెల్లెలా? నీ నోరు పడిపోనూ!" అని చీపురు తీసింది. తీసి ఏం చేస్తది, కొంప దక్కాలిగా. దొర ముందు నాన్నని మావయ్యా అనమని పిల్లకి నేర్పారు.

మర్నాడు సిపాయిలందరి ముందూ ముగ్గుర్నీ నిలబెట్టారనుకో, పక్కనే దొరసాని. పిల్ల బంగారంలా "మావయ్యా" అంది. హమ్మయ్య అనుకున్నాడు ఈడు. కానీ నాన్న మావయ్యైపోతే నాన్న ఇంకెవరో అవ్వాలిగా, పిల్ల లెక్క పిల్లది! తళతళలాడే ఇనపటోపీ ఎవరిదా అని చూసి, తిన్నగా ఎళ్లి దొర కాళ్లు వాటేసుకుని "నాన్నా!" అందంట. దొరసాని మొహం చూడాలి! "నాకు తెలీకుండా ఇంతకుముందు ఎన్నిసార్లొచ్చారిక్కడికి?" అంది. దొరకి ముచ్చెమటలు. "నాది కాదే! వీడి కూతురే! ఆవిడ వీడి పెళ్లామే! ముక్కు చూడు, ముక్కు!" అని కోటంతా వినపడేలా అరిచాడు. సెకుందుడు మెల్లిగా, "నేను బ్రహ్మచార్ని కదండీ, రూలు..." అన్నాడు. "రూలు గంగలో కలవనీ! మొగుణ్ణని ఒప్పుకోరా, నీకు పుణ్యముంటది!" అని దొరే బతిమాలాడంట. దొరగారి మాట కాదంటాడా, ఒప్పుకున్నాడు.

"మరి మిగతా పిల్లలో?" అంది దొరసాని. ఇంకేముంది, పొద్దుగూకే దాకా దొర ఇల్లిల్లూ తిరిగి పిల్లలందరికీ తండ్రుల్ని ఎతికి అప్పజెప్పాడు, ఆవిడ ఎనకాలే నడుస్తంటే. ఆఖర్న ఒక పిల్లోడు మిగిలాడు, తండ్రి యుద్ధంలో పోయాడు. దొర ఎవడో కుర్ర సిపాయిని ముందుకి తోశాడు. ఆడు, "అయ్యా, నేను నిన్ననే ఓడ దిగానండీ!" అని మొత్తుకుంటంటే, "నోర్ముయ్, మొగుడివి నువ్వే" అన్నాడంట. ఏం నవ్వుతారర్రా! ఆ పిల్లోడి తల్లి కొంప కూడా నిలబడాలిగా.