ఒంటికాలి సైకిలు

సిద్దిపేటల అన్సార్ సైకిల్ దుకాణం. మోకాలు దోక్కపోయి, అంగి నిండ దుమ్ముతోని పోశయ్య వచ్చిండు. ఉన్న ఒక్క కాలుతోని, సైకిలునే ఊతగ పట్టుకోని చిట్టీలొచ్చే టప్పాఖానా కాడికెల్లి గీడిదాంక ఎట్ల గెంతుకుంట వచ్చిండో ఆయనకే ఎరుక. వచ్చుడుతోనే సైకిల్‌ను అన్సార్ ముంగట పడేసిండు.

“ముందుగాల కూసో పోశన్నా. మోకాలుకు నెత్తురు గారుతుంది. పసుపు పెడ్త.”

“పసుపు అవుతల వెట్టు. సైకిల్‌కు ఏం జేసినవ్?”

“ఏం జేస్త? పొద్దుగాల మీ ఇంటికెల్లి తెచ్చిన, నూనె వోసిన, టప్పాఖానా కాడ నీ చేతికిచ్చిన.”

“నూనె వోసినవా?”

“నూనెనే.”

“ఒక్క నూనెనేనా అన్సార్?”

“చాయ్ దాగు జర. ఖాజాబీ ఇప్పుడే పొయ్యి మీద…”

“చాయ్ వద్దు. కొలువిచ్చే టప్పా సాబు చూస్తుండంగ ఎక్కిన. తోడొచ్చిన భిక్షపతి రోజు లెక్కనే ఎనుకకెల్లి నూకిండు. ఒక్క తొక్కు దొక్కిన. పెడల్ కిందికి వోయింది, మల్ల మీదికి రాలే. నా కాలు గాడనే ఉండిపాయె, నేను నేల మీద ఉంటి. సాబు నవ్వలే అన్సార్. నవ్వితే మంచిగుండు. పాపం, ఇంటికి తోలున్రి అన్నడు. చిట్టీల సంచి తీసి, అదే కొలువుకొచ్చిన రాజనర్సు భుజానికేసిండు.”

“లడాయి దినాలాయె పోశన్నా. సామాను దొరుకుతలేదు. ఏదో అరిగి జారి ఉంటది.”

“నాకు చెప్తున్నవా? ఈ సైకిల్ నువ్వు చేసినన్ని దినాలు నీ పక్కపొంటే కూసున్న. రెండు పాత సైకిళ్ల గొట్టాలు కోసి అతికినవ్, నిప్పుల కాడ గొట్టం పట్టుకున్నది నేను. సీటు నా కాలుకు కొలిచి పెట్టినవ్. గిది అన్ని సైకిళ్ల లెక్క కాదు, పండ్ల చక్రాన్ని ఎనుక చక్రానికే గట్టిగ బిగిస్తున్న, చక్రం తిరుగుతున్నంతసేపు పెడల్ తిరుగుతనే ఉంటది, నీ ఒక్క కాలును అదే మీదికి తెస్తది అన్నవ్. అన్నవా లేదా?”

“అన్న.”

“ఇప్పుడు చక్రం తిప్పి చూడు. టిక టిక అంటుంది. గది ఫ్రీవీలు, చక్రం తిరిగినా పెడల్ తిరుగది. రెండు కాళ్లున్నోని సామాను. ఎవలేసిన్రు?”

“ముందుగాల ఆ మోకాలు…”

“ఎవలేసిన్రు అన్సార్?”

“నేనే ఏసిన.”

“రాజనర్సు చెప్పిండా?”

“ఆయన నా దుకాణం మెట్టు గుడ ఎక్కలే.”

“మరి నీకేం పాపం జేసిన? కాలు బండి కింద పడి పోయినకాడికెల్లి నా పెండ్లాం ఐలవ్వ నన్ను పిల్లగాని లెక్క పట్టుకోని అరుగు మీద కూసోవెడుతుంది. ఈ కొలువొస్తే నా అంతల నేను ఊర్లు తిరుగుత అనుకున్న. నిన్ను తోడవుట్టినోడనుకున్న. థూ.”

“ఉమ్ము. ఉమ్మినా తుడుసుకోను.”

“ఎవలు జెయ్యమన్నరు?”

“అడుగకు.”

“నీ పెండ్లాం ఖాజాబీ మీద ఒట్టు. చెప్పు.”

“ఆమె మీదనే ఒట్టు వెడ్తివి. ఖాజాబీకి ప్లేగొచ్చిననాడు మావోళ్లు గుడ గడప తొక్కలే. నోట్లె నీళ్లు వోసింది ఒక్కామెనే. ఆమె వచ్చి నిన్న గీడ నిలవడి అడిగింది. ఆయన ఆ సైకిల్ ఎక్కద్దు తమ్మీ అన్నది. ఎట్ల ఆపాల్నో నేనే చూసుకున్న. కాదనలేకపోయిన.”

“ఐలవ్వనా?”

“అక్కనే.”

“పొద్దుగాల మైసమ్మకు మొక్కి, నా నెత్తికి నూనె రాసి తోలింది గద. ఎందుకు? యాడన్న పడి సస్తనని భయపడ్డదా?”

“భయం కాదు. ఈ కొలువు ఏ తొవ్వకని అడిగింది. ధూళిమిట్ట తొవ్వకని చెప్పిన. ఆయననే ఆ తొవ్వ కావాల్నని అడిగిండట గద అన్నది.”

“ధూళిమిట్టల నాకేమున్నది?”

“రాములవ్వ ఉన్నది.”

“అది ఎన్కటి ముచ్చట అన్సార్. రెండు కాళ్లున్నప్పటి ముచ్చట.”

“అక్క గుడ గదే అన్నది పోశన్నా. రెండు కాళ్లున్నన్నాళ్లు ఆయన దాని మొగడు, ఒక కాలు పోయినంకనే నా మొగడయిండు, మల్ల ఆయనకు కాలు వెట్టకు తమ్మీ అని ఏడ్సింది.”