రెండు ఎడమ చేతులు

రేపు పొద్దున కోటు ఇవ్వాలి. దర్జీ కదలకుండా బల్ల ముందే ఉన్నాడు. గుడ్డ కోసం నాలుగో రోజు కూడా బయటికి వెళ్ళిన కూతురు ఇప్పుడే మేడ మీది కొట్టుకి వచ్చింది.

"ఇది నీలం కాదు."

"నీలమే నాన్నా."

"నెమలి మెడ నీలం అడిగితే సిరా నీలం తెచ్చావు."

"కిటికీ దగ్గర పెట్టి చూడు."

"కిటికీ దగ్గర ఇంకా సిరా. ఎక్కడిదిది?"

"గొడుగులు బాగుచేసే ఆయన దగ్గరిది."

"గొడుగు గుడ్డతో కోటుకి చెయ్యి కుట్టమంటావా?"

"వానొస్తే ఒక చెయ్యన్నా తడవదు."

"నవ్వులాటగా ఉందా? రేపు పది గంటలకి టీచరమ్మ బడి సభలో వేదిక మీద కూర్చోవాలి. ఎనభై రెండేళ్ళ మనిషి. ఊరంతా చూస్తుండగా నా కోటు వేసుకుని కూర్చుంటుంది. రెండు ఎడమ చేతులతో."

"రెండూ ఎడమవి కోసింది నువ్వే కదా."

"గుడ్డ అలాంటిది. ఒక పక్క మెరుపు, ఒక పక్క మొద్దు. ట్యూబులైటు కింద రెండు పక్కలూ ఒకటే. మడతపెట్టి కోద్దామంటే ముక్క చాలలేదు. విడివిడిగా కోశాను."

"విడిగా కోస్తే రెండోసారి కొలత అట్ట తిరగెయ్యాలి కదా."

"తిరగేశాను."

"మరి రెండూ ఎడమవి ఎలా అయ్యాయి?"

"రెండుసార్లు తిరగేసుంటాను."

"పోనీ ఒకదాన్ని లోపలిది బయటికి పెట్టి కుట్టెయ్యి."

"ఒక చెయ్యి మెరుస్తుంది, ఇంకో చెయ్యి ముసురు పట్టినట్టుంటుంది. నువ్వు కుట్టి నీ పేరు చెప్పుకో."

"అయితే వెళ్ళి నిజం చెప్పెయ్యి. ఆవిడేం పులి కాదు."

"మూడో తరగతిలో నా చేత గోడకుర్చీ వేయించింది ఆవిడే. ఇప్పుడూ వేయిస్తుంది. అప్పుడంటే మోకాళ్ళున్నాయి."

"ఆ పెద్ద గుడ్డల షాపు మూసెయ్యకపోతే మనకీ తిప్పలుండేవి కావు."

"వాడి పేరెత్తకు. ఏడు ఊళ్ళలో ఏడు షాపులు పెట్టి ఏడూ ఒక్క రోజే మూశాడు. వచ్చినప్పుడు మన వీధిలో గుడ్డల కొట్లన్నీ మింగాడు. మింగి తనూ పోయాడు. ఇప్పుడీ ఊళ్ళో కుట్టిన బట్టలు కావలసినన్ని. కుట్టుకుందామంటే జానెడు గుడ్డ లేదు."

"ఫోనులో చూపించాను, వద్దన్నావు."

"నీ ఫోనులో ఒక నీలం, నా ఫోనులో ఒక నీలం. వాడు పంపేది మూడో నీలం. అదీ తొమ్మిది రోజులకి. సరే, అన్నీ వెతికావా? కర్టెన్ల షాపు వాడు ఏమన్నాడు, మళ్ళీ చెప్పు."

"మొదటి రోజే చెప్పాను కదా. ఆరు అడుగులకి తక్కువ కొయ్యడట. కిటికీ కొలత చెప్పమన్నాడు. కిటికీకి కాదండీ, చేతికి అన్నాను. అంత సన్న కిటికీ ఎవరింట్లో ఉందమ్మా అన్నాడు."

"రెండో రోజు?"

"గది నిండా గుడ్డలున్న ఆవిడ. నేల నుంచి కప్పు దాకా గుడ్డలే. షాపు మూసే రోజున వ్యాను మాట్లాడుకుని తెచ్చుకుందట. ఆవిడకి కుట్టడం రాదు."

"రాకపోతే ఎందుకు?"

"ఇంట్లో ఉంటే ధైర్యంగా ఉంటుందట."

"మన నీలం ఉందన్నావు."

"అచ్చం మనదే. కత్తెర తీశాను, ఆవిడకి కన్నీళ్ళొచ్చాయి. కోటు ఎవరికి, ఎంత వయసు, జాగ్రత్త మనిషేనా, కూర చిందించుకుంటుందా అని అడిగింది. పిల్లనిచ్చేవాళ్ళు కూడా అన్ని అడగరు. చివరికి మీ నాన్న ఎలాంటివాడంది."

"ఏం చెప్పావు?"

"తాగడు, కానీ కోపిష్టి అన్నాను. ఇవ్వనంది."

"నిజం చెప్పమని నిన్నెవరడిగారు? నిన్న పరుపుల కొట్టుకి వెళ్ళానన్నావు, అక్కడ?"

"అక్కడా అంతే. పరుపు మీద గుడ్డ మంచి నీలం. కోసిస్తారా అంటే, ముందు పడుకుని చూడమన్నాడు."

"గుడ్డకి పడుకోవడమేమిటి?"

"అతని దగ్గర గుడ్డ వేరు, పరుపు వేరు కాదట. పడుకున్నాను. నిద్ర పట్టేసింది. అందుకే నిన్న ఆలస్యం."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. చెప్పు."

"ఇంకేముంది. కాకపోతే ఒక మాట. ఎక్కడికెళ్ళినా, మీ కంటే ముందు ఒకాయన ఇదే నీలం ముక్క పట్టుకుని వచ్చాడమ్మా అంటున్నారు."

"ఎవడు?"

"ఎవరో."

"ఎవరో అంటే?"

"ఎవరో అంటే ఎవరో నాన్నా. మెట్లెక్కి వచ్చాను, మంచినీళ్ళు తాగనీ."

"మీసమా?"

"ఉండచ్చు."

"మాట మాటకీ దగ్గుతాడా?"

"కొంచెం దగ్గాడన్నారు."

"మీ మావయ్య."

"నేనన్లేదు."

"అనక్కర్లేదు. వాడికెందుకీ నీలం?"

"షాపు మూసే రోజున టీచరమ్మ రెండు ముక్కలు కొంది. ఒకటి నీకిచ్చింది, ఒకటి మావయ్యకి. ఇద్దరూ నా దగ్గర చదివినవాళ్ళే, ఇద్దరి సంగతీ తెలుసు, ఒకడైనా సరిగ్గా కుట్టకపోతాడా అందట."

"నాతో అలా అనలేదు. నీ మీదే నమ్మకంరా అంది."

"మావయ్యతోనూ అదే అంది."

"సరే. వాడి ముక్క వాడికుంటే మళ్ళీ గుడ్డ వెతకడం దేనికి?"

"నీళ్ళ చెంబు ఎక్కడ పెట్టావు?"

"చెడగొట్టాడు."

"నేనన్లేదు."

"చెడగొట్టాడు! ఏం చేశాడు? చెప్పవే. మూడేళ్ళయింది నేనొక మంచి మాట విని."

"రెండూ కుడివి."

"ఏంటీ?"

"రెండూ కుడి చేతులు కోశాడు."

"మళ్ళీ చెప్పు."

"నాన్నా."

"ఒక్కసారి."

"రెండూ కుడి చేతులే."

"ఆ చెంబు ఇటివ్వు. నాకు కావాలి నీళ్ళు."

"మెల్లిగా తాగు. నవ్వుతూ తాగితే పొలమారుతుంది."

"రెండూ కుడివి! వాడి మొహానికి కుడివి రెండా!"

"నీ మొహానికి ఎడమవి రెండు. నవ్వడమైందా? ఇప్పుడు విను. నీ దగ్గర ఎడమవి రెండు. ఆయన దగ్గర కుడివి రెండు. గుడ్డ ఒకటే. టీచరమ్మ ఒకతే, కొలతలూ ఒకటే."

"వద్దు."

"నేనింకా ఏమీ అనలేదు."

"అనకముందే వద్దు."

"ఒక చెయ్యి ఇచ్చి ఒక చెయ్యి పుచ్చుకుంటే రెండు కోట్లూ నిలబడతాయి."

"ఒంటి చేతి కోటైనా ఇస్తాను, వాడు కోసిన చెయ్యి నా కోటుకి కుట్టను."

"కత్తెర గొడవేనా ఇంకా?"

"మూడేళ్ళ కిందట, మీ అమ్మ పోయి వారం తిరగలేదు. గుమ్మంలో నిలబడి, అక్క కత్తెర ఇవ్వు బావా అన్నాడు."

"జ్ఞాపకంగా ఉంటుందని అడిగాడు."

"జ్ఞాపకానికి ఫొటో లేదా?"

"ఫొటోలో అమ్మ కళ్ళు మూసుకుంది నాన్నా."

"దానికి నేనేం చెయ్యను? ఫొటో అంటే చాలు, రెప్పలు వాల్చేసేది."

"నువ్వేమన్నావు ఆయన్ని?"

"కత్తెర నీకెందుకురా, నీకు కొయ్యడం వచ్చా అన్నాను."

"ఇప్పుడు ఇద్దరికీ రాదని తేలింది."

"నోరు ముయ్యి. ముప్పై ఏళ్ళు కోశాను. ఒక్క ముక్కా తప్పు పోలేదు."

"మావయ్యదీ అదే మాట. పాతికేళ్ళలో ఒక్క ముక్కా తప్పు పోలేదట. ఎందుకో కూడా చెప్పాడు."

"వాడు చెప్పేదేమిటి?"

"కొయ్యబోయే ముందు ప్రతి గుడ్డకీ లోపలి పక్కన అమ్మ సుద్దతో గుర్తు పెట్టేదట. చిన్న గుణకారం గుర్తు. నీ గుడ్డలకీ పెట్టేదటగా."

"నా కత్తెర ఎక్కడ పెట్టాను?"

"నీ చేతిలోనే ఉంది."

"మెట్ల మీద ఎవరో దగ్గారు."

"పిల్లి. మాట తప్పించకు. అమ్మ గుర్తు పెట్టేదా లేదా?"

"పెట్టేది. పనేమీ లేనప్పుడు."

"ముప్పై ఏళ్ళూ పనేమీ లేదా?"

"అయినా మీ అమ్మ వాడి కొట్టుకి ఎందుకెళ్తుంది? నా దగ్గర పని నేర్చుకుని, స్టేషను అవతల నాకు పోటీగా కొట్టు పెట్టినవాడు."

"అందుకే నీకు చెప్పలేదు. మంగళవారాలు వెళ్ళేది."

"మంగళవారం మీ అమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేది."

"ఇరవై ఏళ్ళు? వారం వారం?"

"పళ్ళు బాగుండేవి కావు."

"పోయే దాకా దారం పళ్ళతోనే తెంపింది నాన్నా."

"అందుకే బాగుండేవి కావు."

"వెయ్యి మంగళవారాలు. మనిషికి పళ్ళు ముప్పై రెండు. లెక్క నువ్వే చూసుకో."

"లెక్కలు నాకు చెప్పకు. బాగుండేవి కావన్నాను, అంతే."

"సరే, బాగుండేవి కావు."

"మళ్ళీ దగ్గు."

"పిల్లే."

"పిల్లి చుట్ట దగ్గు దగ్గదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడక్కడ?"

"నాతోపాటే వచ్చాడు. కింద నుంచి ఏడో మెట్టు. ఇంకో మెట్టు ఎక్కనంటున్నాడు, బావ పిలిస్తే తప్ప."

"కూర్చోనీ. మెట్లు నావి కావు, ఇంటాయనవి."

"సంచిలో చెయ్యి తెచ్చాడు. కుడిది."

"నువ్వు గొడుగులాయన దగ్గరికి వెళ్ళానన్నావు."

"వెళ్ళలేదు. ఆ ముక్క మావయ్య పాత గొడుగుది."

"గది నిండా గుడ్డలున్న ఆవిడ?"

"ఆవిడ లేదు. మావయ్య కల్పించాడు. కూర చిందించుకోవడం మాత్రం నేను కలిపాను."

"పరుపుల కొట్టు?"

"అది పూర్తిగా నాదే. మొదటి రోజు ఒక్కటే నిజం నాన్నా. కర్టెన్ల షాపులో మావయ్య కనిపించాడు, ఇదే నీలం ముక్క పట్టుకుని కిటికీ కొలత చెప్పలేక నిలబడి. మిగతా మూడు రోజులూ ఆయనింట్లోనే కూర్చున్నాను. ఆయన్ని ఆ ఏడో మెట్టు దాకా తేవడానికి మూడు రోజులు పట్టింది. నీకంటే మొండి."

"అన్నం పెట్టాడా?"

"పెట్టాడు."

"వండడం ఇంకా రాలేదా వాడికి?"

"ఉప్పు రెండుసార్లు వేస్తాడు."

"అదీ రెండుసార్లేనా."

"తిట్టాలనుకుంటే తిట్టు నాన్నా. మూడు రోజులు నీ మొహం మీదే అబద్ధాలు చెప్పాను."

"తిట్టేదేముంది. నిన్ననే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ పరుపుల కొట్టు మూసేసి ఏడాదైంది. నువ్వు నిద్రపోయింది ఇప్పుడక్కడున్న మందుల షాపులో అయ్యుండాలి."

"తెలిసీ నోరెత్తలేదా?"

"బల్ల మీద పీలికలు తియ్యి. చోటు కావాలి. ఆ గూట్లో మీ అమ్మ కత్తెర ఉంది, తీసి ఇక్కడ పెట్టు. ఈ ఒక్క రాత్రికి వాడుకోనీ. ఇంటికి పట్టుకెళ్ళనివ్వను, ముందే చెప్పు."

"చెప్తాను. సుద్ద?"

"సుద్ద నీ దగ్గర ఉంచుకో. మాకిద్దరికీ ఇవ్వకు."

"పిలవనా మరి?"

"పిలువు. చెప్పులు బయట వదలమను."

"పిలుస్తాను. ముందు నాకొకటి చెప్పు. అబద్ధమని నిన్ననే తెలిస్తే, ఇవాళ మళ్ళీ సంచిచ్చి ఎందుకు పంపావు?"

"ఆ పళ్ళ డాక్టరు ఊరొదిలి వెళ్ళి పదిహేనేళ్ళయిందే. ఆ తర్వాత కూడా ప్రతి మంగళవారం మీ అమ్మకి ఆటో పిలిచింది నేనే."