ఆరు వోల్టుల దగ్గర

నర్సీపట్నంలో ఓ ప్రైవేటు కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబు. ప్రాక్టికల్ పరీక్షకు విశాఖ నుంచి వచ్చిన ఎగ్జామినరమ్మ, ఆప్-ఆంప్ చిప్పు సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో, అంటే దాని గెయిన్ ఎంతో, పిల్లలు రాసిన రికార్డులు తిరగేస్తోంది. ఎదురుగా ల్యాబు మాస్టారు నిలబడి ఉన్నాడు.

"ఏంటండీ ఇది? ఆప్-ఆంప్‌కి పదిహేను వోల్టులిచ్చినా, ఆరు వోల్టులిచ్చినా గెయిన్ ఒకటికి పడిపోయేది పది లక్షల హెర్ట్జ్ దగ్గరేనా? ముప్పైమందిలో ఇరవై తొమ్మిదిమందికీ?"

"అందరికీ అలాగే వొచ్చిందండి మేడమ్."

"సప్లై వోల్టేజీ తగ్గితే ఆ ఫ్రీక్వెన్సీ కూడా తగ్గాలి కదండీ! ఈ ఒక్కమ్మాయి ఎనిమిది లక్షలని సరిగ్గా రాస్తే, ఎర్ర సిరాతో ఎందుకు కొట్టేశారు?"

"అందరిలా రాయకుండా సొంత తెలివి సూపించిందండి."

"మరి ఆరు వోల్టులు ఎక్కడ దొరికాయి తనకి?"

"మా ల్యాబులో పవర్ సప్లై పదిహేను తప్ప ఇవ్వదండి. ఆళ్ల నాన్న సేపలేటకి సముద్రం మీదకి అట్టుకెళ్లే టార్చిలైటు బ్యాటరీలు, ఒకటిన్నర వోల్టులవి, ఎనిమిది తెచ్చి, ప్లస్సు వైపు నాలుగు మైనస్సు వైపు నాలుగు కట్టి సూసిందండి."

"అంటే, కొలిచింది ఈ పిల్లొక్కతే! మిగతావాళ్లు దేన్ని చూసి ఎక్కించారు?"

మాస్టారు బీరువా వైపు చూశాడు.

"మోడల్ రికార్డు ఉందండి. నేనిక్కడ సదివినప్పుడు రాసిందేనండి."

"అందులో ఆరు వోల్టుల దగ్గర మీరెలా కొలిచారు?"

"అప్పుడూ ఇదే సప్లైయండి."

ఆమెకు అతని మొహం చూడబుద్ధి కాలేదు. చెయ్యి మాత్రం చాపింది.

"ఆ రికార్డు తెండి. మీ ఎర్ర పెన్ను కూడా."