గుర్రం మనసెరిగిన మేనమామ

నేను ధైర్యస్థుణ్ణని ఏనాడూ చెప్పుకోలా. మిరపకాయల అంగడిలో ఎలకని చూసి బస్తాల మీదికి ఎక్కినోణ్ణి. కానీ గుర్రం మనసు మాత్రం ఈ ధర్మలింగానికి తెలుసబ్బా. ఏం నవ్వుతావు అమ్మాసీ, నీ అంగట్లో నువ్వు టీ తిరగబోస్తానే విను.

ఇదో, ఈ బెంచీ మీద మూతి ముడుచుకోని కూచోనుందే నందిత, మా అక్క కూతురు. దీని పెండ్లి ముహూర్తానికి నేను లేనని మా అక్క పదిదినాలుగా నాతో మాట్లాడలా. పెండ్లికూతుర్ని గంపలో తెచ్చేది మేనమామే గదా! ఆడేం జరిగిందో అందరూ వినండి.

పెండ్లికొడుకు కార్తీని ఊరేగింపుగా తెచ్చే పని కూడా నా మీదే పడింది. బీచి నుంచి తెల్ల గుర్రం. జార్జి టౌన్ సందులోకి రాంగానే నిలబడిపాయ. అడుగు ముందుకెయ్యదు, ఉన్నచోటే తై తై అంటాది. ఎనక సిటీ బస్సు. ముందర తోపుడుబండ్లు. గుర్రమాయన నాగప్పన్ కొరడా ఎత్తినాడు. ఆగు సామీ అన్నా. ఇది మొండితనం కాదు, ఏదో చెప్తాంది. చెవులు చూడు. ఎనక్కి మడిస్తే కోపం, ముందుకి పెడితే మన మాట వింటాందని. కొడితే ఇంకా బెదురుతాది.

"అప్పుడెట్లుండాయి మామా చెవులు?" అన్నాడు నా పక్కన టీ తాగతాండే వెంకట్రామ్.

ఒకటి ముందుకి, ఒకటి ఎనక్కి.

"అంటే?"

ఆలోచిస్తాందని! మధ్యలో రావాకు.

కళ్ళెం గట్టిగా పట్టుకోని, కండ్లు మూసుకోని, దాని ఊపిరిలో నా ఊపిరి కలిపినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సు డ్రైవరు హారన్ మరిచిపోయి స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోయినాడు. డోలు తనంతట తనే మెల్లంగా మోగతాంది. హార్బరు గాలి వచ్చి ఒక్కో పూలంగడినీ ముట్టుకోని పోతాంది. గుర్రం నా భుజమ్మీద గెడ్డం ఆనించి, చక్కని తెలుగులో, "పోదామా ధర్మలింగం?" అనింది.

"అండీ అనలేదా?" అన్నాడు అమ్మాసి.

చనువు మరి! ఆ తర్వాత నేల వదిలేసింది. కరెంటు తీగల పైన, మిద్దెల మీద ఆరేసిన చీరల పైన ఈదుకుంటా పోతాండాం. హార్బరు క్రేన్లు మెడలెత్తి చూస్తాండాయి. మనలి ఫ్యాక్టరీల పొగగొట్టాలు దాటినాక అది మబ్బులు మేస్తాంటే, నేను దాని మెడ మీద పడుకున్నా. కింద సముద్రం పాలమీగడ మాదిరి కదలతాంది. మబ్బుల్లో ముహూర్తం ఎవరు చెప్తారబ్బా?

నందిత టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ గుర్రానికి తెలుగు రాదు మామా."

ఏం?

"మెరీనాలో పెరిగింది. ఊరేగింపుల్లో ఆడేదానికి నేర్పించిన గుర్రం. నువ్వు కళ్ళెం పట్టుకోని దాని ముందర అడ్డంగా నిలబడి, మండపం పక్క చెయ్యి చూపిస్తా 'ఆడ, ఆడ' అంటాండావంట. దానికి తెలిసింది అరవమే, అరవంలో ఆడమంటే చిందెయ్యమని. ఆడమంటాండావని ఆడింది, పాపం, గంటన్నర. కార్తీ దిగి ఆటోలో వచ్చేసినాడు. నాగప్పన్ చెప్పినాడు, ఎట్లాంటి మనిషినైనా ఓర్చుకుంటాదంట ఆ గుర్రం."

అమ్మాసి నవ్వుకి టీ ఒలికిపాయ. నేను నవ్వలా.

మరి గంప? అన్నా, మెల్లంగా.

"అందులోనే కూచోని నీకోసం చూస్తా ఉన్నా. కాళ్ళు తిమ్మిరెక్కినాయి. లేచి పీటల దాకా నేనే నడిచిపోయినా మామా."