రెండో డాక్టరుకు చూపియ్యని ఫైలు

"తాతా, అవ్వకు గుండె బాగలేనప్పుడు నువ్వు ఇద్దరు డాక్టర్లకు చూపిస్తివంట గదా. మా నాయనను గూడ రేపు ఇంకో డాక్టరు దగ్గరికి పిల్చకపోదామనుకుంటాండాం. ఎట్ల పోవాల?"

ఎట్ల పోవాలనా. కూచో ఈరన్నా, మంచం మీదికి రా. ఎట్ల పోగూడదో చెప్తా గానీ, ఎట్ల పోవాలో నాకేం తెలుసప్పా. నువ్వు మా తమ్ముని మనవడివి, నీకాడ దాచేదేముండాది. దాచినాలే ఇన్నేండ్లు, అందరికాడా దాచినా.

మీ అవ్వకు, మా సుంకమ్మకు, శానా ఆయాసం వస్తాండె. శెనక్కాయలు ఒలిచేదానికి కూచున్యా రొప్పేది. కర్నూలుకు పిల్చకపోతే, గుండెలో వాల్వు చెడిపోయింది, ఆపరేషను జెయ్యాల, అంతవరకు ఈ మాత్రలు ఒక్క పూట గూడ ఆపొద్దని డాక్టరు చెప్పె. ఫైలొకటి రాసిచ్చె. గుండె కోస్తామంటే ఒక్కని మాటకే ఒప్పుకుంటామా. ఇంకో డాక్టరుకు గూడ చూపిద్దామనుకుంటి. అంతవరకు తప్పు లేదు, ఎవురైనా అదే చేస్తారు.

ఇప్పుడు బోరు సంగతి చెప్తా, ఇను. యాడికో పోతాండాననుకోవద్దు, ఈడికే వస్తా. మన చేన్ల బోరేసేటప్పుడు నీళ్ల పాయింటు చూసేటోన్ని పిలుస్తాం గదా. అరచేతిలో టెంకాయ పెట్టుకోని తిరుగుతాడు, అది లేచి నిలబడిన తావున రాయి పెడతాం. ఒక్కన్ని నమ్ముతామా? నమ్మం. రాయి తీసేసి, నేల సమంగ జేసి, ఇంకో ఊరోన్ని పిలుస్తాం. ముందోడు యాడ చూపిచ్చినాడో వీనికి చెప్పం. ఇద్దురూ ఒకే తావున నిలబడితేనే బోరుబండిని పిలిచేది. మా నాయన కాలంలో నూరడుగులకే నీళ్లు... మా నాయన కాలంలో బోర్లు యాడివిలే, బాయిలే. నా పెండ్లైన కొత్తల్లో అనుకో. ఇప్పుడు ఏడెనిమిది నూర్లు పోయినా దుమ్మే లేస్తాది.

నాకుండే తెలివి అదే గదప్పా. డాక్టర్లను గూడ అట్లే చూడాలనుకుంటి. కడపలో మా బామ్మర్ది ఉండాడు, ఆడికి పిల్చకపోతి. నాలుగు దినాల ముందునుంచే సుంకమ్మకు మాత్రలు మాన్పిస్తి. ముందాయన మందు ఒంట్లో ఉంటే రెండో డాక్టరుకు గుర్తు తెలిసిపోతాదని. "ఆపొద్దన్యాడు గదా" అనె మీ అవ్వ. "నీకేం తెలుసు, నోరు మూసుకోని రా" అంటి. ఫైలు సంచిలో, పంచె కింద పెట్టినా.

కడపలో ఆడడాక్టరు. మా కూతురంత వయసుంటాది. "ముందు ఎవురికన్నా చూపిచ్చినారా పెద్దాయనా, మందులేమన్నా వాడతాండారా" అని అడిగె.

"లేదు తల్లీ" అంటి. సంచి నా ఒళ్లోనే ఉండాది.

నేనా మాట అన్యానో లేదో, సుంకమ్మ బల్ల మీద ఒరిగిపాయ. పెదాలు నల్లగైనాయి, ఊపిరి అందలే. నర్సులు ఉరికొచ్చినారు. "ఇది మందు ఆపితే వచ్చేదే. ఏం మందు ఆపినారు, చెప్పు" అని డాక్టరమ్మ గట్టిగ అడిగితే అప్పుడు తీసినా ఫైలు. పంచె కిందనుంచి లాగే తొందరలో కాయితాలన్నీ కింద పడె. డాక్టరమ్మే వొంగి ఏరుకునింది. చదువుకోని, "ఇది ముందే ఇచ్చింటే సరిపోయేది గదా పెద్దాయనా" అనె. అంతే. తిట్టింటే బాగుండు.

దేవుడు సల్లగ చూసినాడు, మూడో దినానికి తేరుకునింది. డాక్టరమ్మ గూడ అదే చెప్పె. అదే వాల్వు, అదే ఆపరేషను. ఇద్దురూ ఒకే తావున రాయి పెట్టినారు. ఆపరేషనూ అయింది, మనిషీ బాగుండాది. నువ్వే చూస్తాండావు గదా.

సిగ్గైన సంగతి ఇంకా చెప్పలే నీకు. మా కొడుకు మద్దిలేటి ఆసుపత్రికొచ్చి, మాత్రలు ఎవురు ఆపమన్యారని అడిగె. మీ అవ్వ మాస్కు పక్కకు లాక్కోని, "నేనే మర్సిపోతి నాయనా" అనె. వాడు అందరి ముందరా, పసిపిల్లవా అమ్మా, నీకు తెలివుందా అని అరిసె. నేను సంచి పట్టుకోని గోడకు నిలబడుకోనుంటి. కట్టుకున్నదాని మీదికి తప్పు తోసి నిలబడినోన్ని మగోడంటారా?

సరే, మీ నాయన మందులు ఆపొద్దండి. ఫైలు ముందర చేతికియ్యండి. ఏమడిగినా ఉన్నది ఉన్నట్ల చెప్పండి. నూరేండ్లు బతకాల మీ నాయన, నువ్వు పిల్లాపాపలతో సల్లగుండు.

అదిగో, ఇనపడిందా? మా కోడలు. "అత్తా, మాత్ర మింగినావా, మళ్ల మర్సిపోయినావా" అంటాంది. దినామూ ఇదే. మింగినాలే తల్లీ అంటాది మీ అవ్వ. ఒక్క దినమన్నా నా పక్క చూడదు.

మద్దిలేటి చేనుకాన్నుంచి వచ్చే యాళైంది. అంతవరకు ఉండరాదా ఈరన్నా. నువ్వు పక్కనుంటే ఈ పొద్దన్నా వానికి నిజం చెప్తానేమో...